అక్క చేతి చపాతీ

అక్కా,

ఇక్కడ మేమంతా బాగున్నాం, అక్కడ మీరూ బాగున్నారని తలుస్తాను అని మొదలుపెట్టాలి కదా. పెట్టను. ఇక్కడ ఎవ్వరం బాగాలేం. దానికి కారణం నువ్వేనని నా గట్టి అనుమానం.

ఫోన్ చెయ్యొచ్చుగా, ఈ ఉత్తరమేమిటంటావు. నాలుగుసార్లు చేశాను. చపాతీ మాట ఎత్తగానే ఒకసారి కుక్కర్ కూతేసింది, ఒకసారి ఎవరో తలుపు కొట్టారు, ఒకసారి సిగ్నల్ పోయింది, నాలుగోసారి ఏ సాకూ లేకుండానే పెట్టేశావు. కాగితం మీదైతే తప్పించుకోలేవు. బీమా ఆఫీసులో జనం రాసిచ్చే కాగితాల్లో అబద్ధం ఎక్కడుందో వెతికి పట్టుకోవడమే పదమూడేళ్ళుగా నా ఉద్యోగం. గుర్తుందిగా?

నాన్న మా ఇంటికొచ్చి రేపటికి ఐదు వారాలు. అమ్మ పోయాక మూడేళ్ళూ నీ దగ్గరే ఉన్నారు. ఒక్క నెల నా దగ్గరికి పంపవే తల్లీ అని ఎన్నిసార్లు బతిమాలాను! "నాన్నకి ఇక్కడ అలవాటైపోయిందే" అనేదానివి. అలాంటిదానివి ఉన్నట్టుండి నువ్వే బట్టలు సర్ది, బస్సెక్కించి, "ఇక నీ వంతు" అని పంపేశావు. నేను ఎగిరి గంతేశాను, పిచ్చిమొహాన్ని. నీకంత మంచితనం ఎక్కణ్నుంచి ఊడిపడిందో అప్పుడే అడగాల్సింది.

నాన్నకి పళ్ళన్నీ తీసేశారు కదా, కట్టుడు పళ్ళు రావడానికి ఇంకా రెండు నెలలంటున్నారు. డాక్టరేమో సాయంత్రంపూట అన్నం వద్దు, చపాతీ పెట్టండన్నాడు. నేను చేసి ముందు పెడతాను. ఒక ముక్క తుంచుతారు. ఆ తుంచడానికే రెండు చేతులూ కావాలి. పప్పులో నానబెడతారు, బుగ్గన పెట్టుకుని అటూ ఇటూ తిప్పుతారు, చివరికి "ఆకలి లేదమ్మా" అని లేచి చెయ్యి కడుక్కుంటారు. చొక్కా భుజాల దగ్గర వేలాడుతోందక్కా. మొన్న మెల్లిగా అడిగారు, "పెద్దదాని దగ్గరికి ఎప్పుడు పంపుతావు?" అని. నాకు ఏడుపొక్కటే తక్కువ.

ఇంక మీ మరిది సంగతి సరేసరి. పెళ్ళైన కొత్తలో మీ ఇంట్లో నీ చపాతీ తిన్నప్పటి నుంచి ఆయనది ఒకటే పాట. "చపాతీ అంటే వదినదే!" పదహారేళ్ళుగా వింటున్నాను. నా చపాతీ పట్టుకుని విసనకర్రలా విసురుకుని నవ్వుతారు. నేనూ నవ్వుతాను. కడుపు మాత్రం మండిపోతుంది.

సూటిగా అడుగుతున్నాను. నాకు చెప్పినప్పుడు నువ్వు ఏదో ఒకటి దాచావు. ఒక పిండో, ఒక నీళ్ళో, ఒక చిటికెడు ఏదో. పదహారేళ్ళలో ఒక్కసారైనా పక్కన నించోబెట్టుకుని చేసి చూపించావా? మీ ఇంటికొస్తే వంటింటి గుమ్మం దాటనివ్వవు. "ప్రయాణం చేసొచ్చావు, హాల్లో కూర్చో" అంటావు. ఏ చెల్లెలి మీద ఏ అక్కకీ అంత ప్రేమ ఉండదు.

అమ్మ పోయేముందు నేనేం చేయలేకపోయాను. అన్నీ నువ్వే చేశావు, కాదనను. నాన్ననైనా నా దగ్గర ఉంచుకోవాలని ఉందే. ఆ దాచిందేదో రాసెయ్యి.

నీ చెల్లెలు

*

ఒసేయ్ అనుమానాల పుట్టా,

నీ ఉత్తరం చదివి నవ్వలేక చచ్చాను. చపాతీకి కూడా కేసు పెడతావా? దాచడానికి అదేమన్నా నిధా, నిక్షేపమా?

రాసుకో. గోరువెచ్చని నీళ్ళు. ఒక చెంచా నూనె. బాగా పిసికి, తడిగుడ్డ కప్పి అరగంట వదిలెయ్యి. పెనం బాగా కాలాలి. అంతే. ఇంకేం లేదు. ఎవరినడిగినా ఇదే చెబుతారు.

నాన్నని మాత్రం ఇప్పుడప్పుడే పంపకు. ఇంటికి సున్నం వేయిస్తున్నాం, ఆ ఘాటు ఆయనకి పడదు. పప్పు కొంచెం జారుగా చేసి పెట్టు, ఎలాగో తింటారు. మీ బావ బాగున్నారు. కొట్లో పని ఎక్కువగా ఉంది. ఉంటాను మరి, పొయ్యి మీద పాలున్నాయి.

నీ అక్క

*

అక్కగారికి,

పొయ్యి మీద పాలున్నాయా? ఉత్తరంలో కూడానా?

నువ్వు చెప్పినట్టే చేశాను. గోరువెచ్చని నీళ్ళు, చెంచా నూనె, తడిగుడ్డ, అరగంట. వారం రోజులు వరసగా చేశాను. మొదటి రోజు కాస్త వంగింది, అంతే. మిగతా ఆరు రోజులూ వంచితే విరిగింది. నాన్న మొన్న చపాతీ చుట్టూ అంచు తీసేసి మధ్యలోది మాత్రం చిదుపుకుని తిన్నారు. ఆ అంచులన్నీ నేను చూడకూడదని పళ్ళెం కింద పెట్టారు. నేను చూశాను.

ఇప్పుడు నా ఉద్యోగం నేను చేస్తాను. నా పెళ్ళైన కొత్తలో నువ్వు రాసిచ్చిన చీటీ పాత డైరీలో దొరికింది. అందులో ఏముందో చదువుతున్నాను, విను. "చన్నీళ్ళు. నూనె అస్సలు వద్దు. పిసకగానే చేసెయ్యాలి, ఆగితే గట్టిపడుతుంది." నీ చేతిరాతే. ఇప్పుడేమో వేణ్నీళ్ళు, నూనె, అరగంట! పోయినేడాది మా ఆడపడుచు ఫోన్‌లో అడిగితే ఆవిడకి పెరుగు కలపమన్నావు. ముగ్గురికి మూడు రకాలు చెప్పావు. మా ఆఫీసుకి ఇలాంటి కాగితాలొస్తే ఎర్ర పెన్నుతో గీసి పక్కన పడేస్తాం.

ఇంతటితో ఆగలేదు. మీ గడియారాల కొట్టుకి ఫోన్ చేసి బావతో మాట్లాడాను. "సున్నం పని ఎంతవరకొచ్చింది బావగారూ?" అన్నాను. "సున్నమేంటి మరదలా?" అన్నారు. పప్పులో కాలేశావక్కా, ముందు ఆయనకి చెప్పి ఉంచాల్సింది. సరే, పనిలో పనిగా అక్క చపాతీల్లో ఏం కలుపుతుందో మీరైనా చెప్పండని అడిగాను. వెనకాల గడియారాలు కొట్టుకోవడం వినిపిస్తోంది. "మీ అక్కనే అడుగమ్మా" అని పెట్టేశారు. నన్ను ఒక్క మాటైనా ఏడిపించకుండా బావ ఫోన్ పెట్టడం నా జన్మలో ఇదే మొదటిసారి. ఆయనకీ తెలుసన్నమాట. ఇద్దరూ కలిసే ఆడుతున్నారన్నమాట.

నాకు అర్థమైంది చెప్పనా? నాన్నని నువ్వు కావాలనే పంపావు. నా చేతి చపాతీ ఆయన తినలేరని నీకు బాగా తెలుసు. రెండు నెలలు తిరక్కముందే ఆయనే నోరు తెరిచి పెద్దదాని దగ్గరికి పోతానంటారు. ఇక జన్మలో నేను నా వంతు అడగలేను. "ఇచ్చాను కదే, నీకు చేతకాలేదు" అంటావు. సున్నం సాకు కూడా అందుకే, ఇంకో రెండు వారాలు నన్ను పూర్తిగా ఓడించడానికి. అమ్మని నీదాన్ని చేసుకున్నావు. నాన్ననీ చేసుకున్నావు. నా మొగుడి నాలుకని కూడా వదల్లేదు!

వచ్చే ఆదివారం కాక ఆ పై ఆదివారం నాన్నని బస్సెక్కిస్తున్నాను. ఆయన కడుపు మాడ్చి నా పంతం నెగ్గించుకోలేను. ఆ తర్వాత నేను నీ గడప తొక్కను, నువ్వు నా గడప తొక్కకు. కోపంలో రాశాననుకోకు. మూడు రోజులు ఆగి రాస్తున్నాను.

ఇట్లు,
నీ మరిది భార్య

*

చిన్నీ,

నీ సంతకం చూసి మూడుసార్లు ఏడ్చాను. ఇది చదివాక చింపెయ్యి. చింపవని తెలుసు, నువ్వు ఏ కాగితమూ చింపవు. అయినా రాస్తున్నాను.

నేను నీ దగ్గర ఏమీ దాచలేదే. దాచడానికి నా దగ్గర ఏమీ లేదు. నాకు చపాతీ చేయడం రాదు.

మళ్ళీ చదువు, సరిగానే రాశాను. నాకు రాదు. ఇరవై రెండేళ్ళుగా నువ్వూ, మీ ఆయనా, నాన్నా, మా అత్తగారూ, వీధి వీధంతా తిన్న చపాతీలు మీ బావ చేసినవి.

పెళ్ళైన పదో రోజు అత్తగారు చపాతీలు చెయ్యమన్నారు. వాళ్ళ చుట్టాలు నలుగురు హాల్లో కూర్చున్నారు. నేను చేసినవి ఎత్తి పడేస్తే చప్పుడు చేశాయి. వంటింట్లో గడియవేసుకుని ఏడుస్తున్నాను. మా వంటింటికి పెరటివైపు ఇంకో తలుపుంది కదా, ఆ వసారాలోనే మీ బావ రిపేరు బల్ల. ఏడుపు విని లోపలికొచ్చారు. నన్ను భుజం పట్టుకుని పక్కకి జరిపి, పిండి కలిపారు. పెళ్ళికి ముందు ఆరేళ్ళు స్నేహితులతో గదిలో ఉన్నారు, అక్కడ చపాతీల డ్యూటీ ఈయనదేనట. పన్నెండు చేశారు. చెయ్యి కడుక్కుని వెనకనుంచే వెళ్ళిపోయారు. నేను పళ్ళెం పట్టుకుని ముందు తలుపు తీశాను. అత్తగారు ఒక ముక్క నోట్లో పెట్టుకుని, "మా కోడలి చేతిలో ఏదో ఉంది" అన్నారు. ఆవిడ నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. కాదండీ, మీ అబ్బాయి చేశాడని ఎలా చెప్పమంటావు? రేపు చెబుదాం అనుకున్నాను. ఆ రేపు రాలేదు.

అప్పటినుంచీ అదే పద్ధతి. నేను హాలువైపు తలుపుకి గడియ వేస్తాను. పొగ హాల్లోకి రాకూడదని చెబుతాను. ఆయన పెరటివైపునుంచి వస్తారు. ఆయన చేస్తుంటే నేను ఉల్లిపాయలు తరుగుతూ కబుర్లు చెబుతాను. నిజం చెప్పాలంటే రోజు మొత్తంలో మేమిద్దరం తీరిగ్గా మాట్లాడుకునేది అప్పుడే. నువ్వొస్తే వంటింట్లోకి రానివ్వనిది అందుకే. నీకు చెప్పిన చన్నీళ్ళూ వేణ్నీళ్ళూ అన్నీ పక్కింటావిడనడిగి చెప్పినవే. ఆయన్ని అడిగితే, "ఏముందే, పిండి నీళ్ళూ కలపడమే" అనేవారు.

రెండు నెలల క్రితం మా ఆడపడుచులంతా వచ్చారు. అరవై చపాతీలు. ఆయన చేసి, చొక్కా మార్చుకుని, ఇప్పుడే కొట్టునుంచి వచ్చినట్టు వీధివైపునుంచి వచ్చి మగాళ్ళతో కూర్చున్నారు. అందరూ నన్ను పొగుడుతున్నారు. చిన్నాడపడుచు, "అన్నయ్య ఎప్పుడైనా సాయం చేస్తాడా వదినా?" అంది. నాకేం పోయేకాలమో, "మీ అన్నయ్యా? మంచినీళ్ళు కాచమన్నా మాడగొడతారు!" అన్నాను. ఇల్లంతా గొల్లున నవ్వింది. ఆయన కూడా నవ్వారు. నవ్వుతూ కుడిచేతి వేలు గుప్పిట్లో దాచుకున్నారు. పెనం తగిలి బొబ్బెక్కిందే ఆ వేలు. నేను చూసి కూడా ఇంకో రెండు జోకులు వేశాను.

మర్నాడు సాయంత్రం పిండి తీసి, గడియ వేసి ఎదురుచూశాను. రాలేదు. వసారాలోకి వెళ్ళాను. కంటికి భూతద్దం పెట్టుకుని గడియారం విప్పుతున్నారు. తలెత్తకుండా "నాకు రాదుగా" అన్నారు. అంతే. అరవలేదు, కోప్పడలేదు. అన్నీ మామూలే, మాట్లాడతారు, కూరలు తెస్తారు. ఆ తలుపు మాత్రం తీయరు.

మూడు రోజులు నేనే చేసి నాన్నకి పెట్టాను. నాలుగో రోజు నాన్న పళ్ళెంకేసి చూసి, "ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?" అన్నారు. నాకు ప్రాణం పోయినంత పనైంది. ఇంకో వారం ఉంటే మొత్తం తెలిసిపోతుంది. అందుకే "నీ వంతు" అన్నాను. సున్నం కూడా అందుకే. నువ్వనుకున్నట్టు నాన్నని నీ దగ్గరనుంచి లాక్కోవడానికి కాదు. నా అబద్ధం బయటపడకుండా నాన్నని నీమీదకి తోసేశాను. ఏది ఎక్కువ తప్పో నాకు తెలీడం లేదు.

ఆయనకి క్షమించమని చెప్పాలి. చెబితే నేనన్న ఆ మాట అందరి ముందూ వెనక్కి తీసుకోవాలి. అది నా వల్ల కావడం లేదు. అత్తగారు పోయేదాకా నా చేతులు పట్టుకుని ఊళ్ళో వాళ్ళకి చూపించేవారు. ఇప్పుడేమని చెప్పను?

ఎవరికీ చెప్పకే. ముఖ్యంగా మీ ఆయనకి.

అక్క

*

అక్కా,

నీ ఉత్తరం ఆఫీసులో చదివాను. చదవగానే నాకేమనిపించిందో దాచను. పండగ చేసుకోవాలనిపించింది. పదహారేళ్ళుగా నీ ముందు తల దించుకున్నాను, నీకూ రాదా! ఆ సాయంత్రం మీ మరిది చపాతీ చేత్తో పట్టుకుని "వదినదైతేనా..." అని మొదలెట్టారు. ఉత్తరం నా సంచిలోనే ఉంది. తీసి చదివేద్దామని సంచి జిప్పు కూడా లాగాను. ఎదురుగా నాన్న పప్పు ఒక్కటే తాగుతున్నారు. నేను గెలిస్తే ఆయన కడుపు నిండుతుందా? జిప్పు మళ్ళీ వేసేశాను.

మర్నాడు బావకి ఫోన్ చేశాను. నాన్న చేతిగడియారం ఆగిపోయింది, ఆదివారం వచ్చి చూస్తారా అన్నాను. అది ఆగిపోలేదు. నేనే పక్క మీట లాగి ఆపాను. నన్ను తిట్టుకో, ఫరవాలేదు.

వచ్చారు. గడియారం చెవిదగ్గర పెట్టుకుని, మీట లోపలికి నొక్కి, నాకేసి ఒక చూపు చూశారు. దొరికిపోయాను. "బావగారూ, నాకు చపాతీ నేర్పండి" అన్నాను. నువ్వేమన్నావో ఒక్క ముక్క కూడా చెప్పలేదు. ఆయనేమన్నారో తెలుసా? నవ్వి, "నాకేం తెలుసమ్మా, మంచినీళ్ళు కాచమంటే మాడగొట్టేవాణ్ణి. అది మీ అక్క చేతి మహిమ" అన్నారు. నీమీద అంత నొచ్చుకుని కూడా నీ అబద్ధం మొయ్యడం మానలేదక్కా ఆ మనిషి. నేనైతే నిన్ను అప్పుడే పట్టిచ్చేదాన్ని.

సరే, నేను చేస్తాను, మీరు ఊరికే కూర్చోండని వంటింట్లో కుర్చీ వేశాను. పిండి తీశాను. నీళ్ళు పోస్తుంటే మీ మరిది తువ్వాలు ఎక్కడంటూ పిలిచారు. వెళ్ళి ఇచ్చొచ్చాను. పిసకడం మొదలెట్టాను, ఫోన్ మోగింది. ఉండలు చేసి నాలుగు ఒత్తి పెట్టాను, బెల్లు మోగింది, ఇస్త్రీ బట్టలు. వచ్చి చూస్తే ఒత్తినవి ఆరిపోయి ఉన్నాయి. ఒకటి పెనం మీద వేశాను, "రిమోట్ ఏదీ?" అని కేక. పొయ్యి తగ్గించి వెళ్ళబోయాను.

బావ లేచారు. ఇక చూడలేకపోయారనుకుంటాను. వంటింటి తలుపు మూసి గడియ వేశారు. "ఎక్కడికీ వెళ్ళకు. వాళ్ళే వెతుక్కుంటారు" అన్నారు. చొక్కా చేతులు మడిచి, ఆరిపోయినవాటిని పక్కకి నెట్టి, కొత్త పిండి కలిపారు. అందులో ఏ రహస్యమూ లేదక్కా. పిండీ, నీళ్ళే. ఒకటి ఒత్తగానే అది పెనం మీదకెళ్ళాలి, పొయ్యి తగ్గించకూడదు, అది పొంగేదాకా దాన్ని తప్ప ఇంకేదీ చూడకూడదు. కాలగానే గుడ్డ పరిచిన డబ్బాలోకి. అంతే. బయటినుంచి తలుపు నాలుగుసార్లు కొట్టారు. ఒక్కసారి కూడా తీయలేదు. బావ చపాతీ మెత్తగా రావడానికి కారణం ఆయన్ని ఎవరూ పిలవకపోవడం! ఆయన అక్కడున్నట్టే ఎవరికీ తెలీదు కదా. పదహారేళ్ళలో నా చపాతీ ఒక్కటి కూడా మొదటినుంచి చివరిదాకా నేను చూడలేదని నాకు అప్పుడే తెలిసింది.

నాన్న ముందు పళ్ళెం పెట్టాను. ఒక్క చేత్తో తుంచారు. నమిలారు. ఒకటి మొత్తం తిన్నారు, రెండోది తీసుకున్నారు. మీ మరిది ఒక ముక్క నోట్లో పెట్టుకుని కళ్ళు పెద్దవి చేసి, "అరె! అచ్చం వదిన చేసినట్టే ఉంది. నువ్వేనా చేసింది?" అన్నారు.

బావ వెంటనే, "ఆవిడే, ఇంకెవరు?" అన్నారు.

నాన్న నాకేసి చూశారు. రెండు నెలల తర్వాత ఆ మొహంలో ఒక తృప్తి. మీ మరిది నన్ను అలా చూసి ఎన్నాళ్ళైందో. ఊరుకుంటే చాలు, అదంతా నాదే. నేను ఊరుకున్నానక్కా. ఎంతసేపు? రెండు ముక్కలు నమిలేంతసేపు. తర్వాత "కాదు, బావగారు చేశారు" అన్నాను. ఆ మాట నోట్లోంచి బయటికి లాగడానికి చెమటలు పట్టాయి. అత్తగారి ముందు, పదిరోజుల కొత్తకోడలివి, నువ్వెలా అనగలిగేదానివి? నిన్ను తిట్టుకున్న తిట్లన్నీ అప్పుడే వెనక్కి తీసుకున్నాను.

ఎవరూ నవ్వలేదు. బావ మొహం ఎటు పెట్టుకోవాలో తెలీక గోడకేసి చూస్తున్నారు. మీ మరిది ఏదో అడగబోతే నాన్న చెయ్యెత్తి ఆపారు. "ఇంకోటి వెయ్యి అల్లుడూ" అన్నారు. బావ లేచి లోపలికెళ్ళారు. కళ్ళు తుడుచుకోవడానికే వెళ్ళారనుకుంటాను, మూడోది రావడానికి చాలాసేపు పట్టింది.

నీ గుట్టు నేను విప్పలేదు. ఆ రోజువి బావ చేశారని మాత్రమే చెప్పాను. ఇన్నేళ్ళవి ఎవరు చేశారో నువ్వే చెప్పాలి. నాకు కాదు, నాన్నకి కూడా కాదు. మీ ఆడపడుచులందర్నీ మళ్ళీ పిలువు. నేనూ వచ్చి ఉల్లిపాయలు తరుగుతాను. బావ చపాతీలు ఒత్తుతుంటే తలుపు బార్లా తీసి పెట్టు. వాళ్ళు లోపలికి తొంగిచూసి, "ఇదేంటి వదినా?" అని అడుగుతారు కదా, అప్పుడు చెప్పు. చెమటలు పడతాయి. పట్టనీ.

నాన్నని ఆదివారం బస్సెక్కించలేదు. నిన్న సాయంత్రం నేను పిండి కలుపుతుంటే ఆయనే కుర్చీ తెచ్చుకుని వంటింటి గుమ్మానికి అడ్డంగా వేసుకుని కూర్చున్నారు. మీ మరిది సాక్సులు కనబడ్డం లేదని కేకేస్తే, "అది పనిలో ఉంది, నువ్వే వెతుక్కో" అన్నారు. నా చపాతీ ఇంకా బావదంత రాలేదు. నాన్న అంచుతో సహా తిన్నారు.

నీ చిన్ని